పండైతే పర్వాలేదు

కోదాడలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు వెనకవైపు, సెప్టిక్ ట్యాంకు పోగా, చిన్న గదంత జాగా మిగిలింది. మా ఆయనకు అక్కడ రేకుల షెడ్డు వేసి వాషింగ్ మెషీన్ పెట్టాలని ఉండేది. నాకు చెట్టు కావాలి. సూర్యాపేటలో టీచర్ల ట్రైనింగ్‌కు పోయిన రోజు, బస్టాండుకు వచ్చే దారిలో ఒక నర్సరీలో అంజీర మొక్క కొని, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను. తెచ్చాక ఇక షెడ్డు మాట ఎవరూ ఎత్తలేదు.

రెండో ఎండాకాలానికే కాపు మొదలైంది. అంజీరకు పూత కనపడదు. ఆకు మొదట్లో నేరుగా కాయే పొడుచుకొస్తుంది. పండాక మెడ వంచి వేలాడుతుంది, అప్పుడు కోయాలి. ఆలస్యమైతే చీమలూ పిట్టలూ మిగల్చవు. తొందరపడితే తొడిమ దగ్గర తెల్లటి పాలు కారి చేతులు దురద పెడతాయి. మఠంపల్లి దగ్గరి మా తండాలో ఈ చెట్టు ఎవరికీ తెలియదు. మా అమ్మ వంటంటే జొన్నరొట్టె, ఎండుమిరపకాయల కారం, పండక్కి మాంసం. అంజీరతో ఏం చేయాలో నాకు చెప్పేవాళ్లు లేరు కాబట్టి చెడగొట్టి చెడగొట్టి నేర్చుకున్నాను. పచ్చికాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, శనగపప్పుతో కూర వండితే బాగుంటుందని తెలిసింది. దోరకాయ పచ్చిమిర్చితో పచ్చడికి పనికొస్తుంది. బాగా పండినవాటిని నెయ్యిలో మగ్గబెట్టి, బెల్లం వేసి దగ్గరికి చేస్తే బచ్చాలలో, అంటే బొబ్బట్లలో, పూర్ణంలా పెట్టుకోవచ్చు.

అన్నిటికన్నా కష్టపెట్టింది అంజీర పాలు. ఉడికించని పండు గుజ్జు పాలల్లో కలిపితే కాసేపటికే విరిగిపోతాయి. మూడు నాలుగుసార్లు లీటర్ల కొద్దీ పాలు పారబోశాక కిటుకు దొరికింది. పండు ముక్కలను ముందు నెయ్యిలో మెత్తగా ఉడికించాలి. బెల్లం కరిగాక దించి పూర్తిగా చల్లార్చాలి. కాచి చల్లార్చిన పాలల్లో అప్పుడు కలపాలి. పైన కాస్త ఇలాచీ పొడి. అలా చేస్తే గులాబీ రంగు తిరిగి, నోట్లో పెట్టుకోగానే జారిపోతుంది.

నోట్లో పళ్లు లేనివాళ్లకు అంతకంటే మంచి తిండి లేదు. ఆ మాట నాకు పక్కింటి పెద్దమ్మ వల్ల తెలిసింది.

పక్కింటివాళ్లది ఎరువుల దుకాణం. ఇంట్లో భార్యాభర్తలు, పెళ్లీడుకొచ్చిన కూతురు, ఆయన తల్లి. ఆ తల్లినే నేను పెద్దమ్మ అనేదాన్ని. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట కొంచెం ముద్దగా వచ్చేది కానీ అర్థమయ్యేది. పగలంతా వరండాలో నవారు మంచం మీద, గోడకు ఆనుకుని కూర్చునేది. కోడలు నాకంటే పదేళ్లు పెద్ద. మొదట్లో నన్ను టీచరమ్మా అని పిలిచి, చెట్టు కాపుకొచ్చిన ఏడాది నుంచి చెల్లె అనడం మొదలుపెట్టింది. నేను అక్కా అనేదాన్ని. మా రెండిళ్ల మధ్య గోడ నడుమెత్తు. ఆ గోడ మీదుగా గిన్నెలు అటూ ఇటూ తిరిగేవి. నేను అంజీర కూర ఇస్తే గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదని సకినాలో పచ్చిపులుసో వేసి ఇచ్చేది.

నేను మేళ్లచెరువు వైపు ఒక ఊళ్లో ప్రైమరీ స్కూల్లో పని చేస్తాను. మా ఆయన అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. ఎండాకాలం సెలవుల్లో నాకు తీరిక దొరికేది. అంజీర పాలు చేసి, ఒక గిన్నెలో పోసుకుని, నేనే వెళ్లి పెద్దమ్మకు స్పూనుతో తాగించి వచ్చేదాన్ని. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుని నెమ్మదిగా మింగేది.

"మా అత్త నా చేతి అన్నం సగం తిని వద్దంటది. నీ చేతిది మాత్రం గిన్నె నాకుతది," అని అక్క నవ్వేది. ఆ నవ్వులో అప్పుడు నాకు ఏ వంకరా కనిపించలేదు.

మూడో ఎండాకాలం మా అమ్మ తండా నుంచి వచ్చింది. కంటి శుక్లాలకు కోదాడలో చూపించుకుందామని నేనే రమ్మన్నాను. మా అమ్మ ఇప్పటికీ పాతకాలం బట్టలే కడుతుంది. అద్దాలు కుట్టిన పావడా, మోచేతులు దాటిన గాజులు, తల మీద ముసుగు. ఆటో దిగి, గేటు దగ్గర నుంచే మా భాషలో గట్టిగా నన్ను పిలిచింది. నేను ఎదురెళ్లి అదే భాషలో జవాబిచ్చి, సంచి అందుకున్నాను. పక్కింటి మిద్దె మీద అక్క మిరపకాయలు ఎండబోస్తూ చూసింది.

మధ్యాహ్నం గోడ దగ్గరికి వచ్చింది.

"పొద్దున వచ్చినామె ఎవరు చెల్లె? పనికి పెట్టుకున్నవా?"

"మా అమ్మ అక్కా."

"మీ అమ్మనా." మా వాకిలి వైపు తొంగి చూసింది. తర్వాత, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగనిది అడిగింది. "మీరేందోళ్లు మరి?"

"లంబాడోళ్లం అక్కా. మఠంపల్లి కాడ తండా మాది."

"అట్లనా. నిన్ను సూస్తే గట్ల అనిపియ్యదు గద."

ఆ మాట ఆమె మెచ్చుకోలుగానే అన్నది. తన ముఖం చూస్తే ఆ సంగతి తెలుస్తూనే ఉంది. నేను ఎవరి దగ్గరా దాచింది లేదు. స్కూల్లో అందరికీ తెలుసు. మా ఆయనా నేనూ ఇంట్లో మాట్లాడుకునే భాష గోడ అవతలికి వినపడే ఉంటుంది, అది ఇంకేదో అనుకుని ఉంటుంది. నేను మాట్లాడే తెలుగుకూ, కట్టే చీరకూ, చేసే ఉద్యోగానికీ కలిపి తనకు నచ్చిన కులం ఏదో నాకు తనే ఇచ్చేసింది.

మర్నాడు నేను ఇచ్చిన పచ్చడి గిన్నె సాయంత్రానికి తిరిగి వచ్చింది. బాగా తోమి ఉంది, ఖాళీగా ఉంది. మర్చిపోయిందేమో అనుకున్నాను. ఆ వారంలోనే అంజీర పాలు తీసుకుని వెళ్తే గుమ్మం దగ్గరే ఎదురొచ్చింది.

"అత్తమ్మకు షుగరు ఎక్కువైందన్నడు డాక్టరు. తీపి బంద్ చేసినం. పండ్లుంటే ఇయ్యి చెల్లె, పండైతే పర్వాలేదంట."

పండులో కూడా తీపే కదా అని నాకు అప్పుడే తట్టి ఉండాలి. తట్టలేదు. బుట్టెడు పండ్లు కోసి ఇచ్చాను. తర్వాత కూర ఇస్తే ఒక్కపొద్దు అంది. ఇంకోసారి ఇంట్లో ఎవరికో కడుపు బాగాలేదంది. కానీ పొద్దునే గోడ మీద ఖాళీ పళ్లెం మాత్రం పెట్టేది. "జర నాలుగు పండ్లు కోసియ్యి చెల్లె" అని కేకేసేది. నేను కోసిచ్చేదాన్ని. రోజూ పళ్లెం నింపుతూ కూడా నేను అనుమానపడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ ఏడాదే వాళ్లు పైన కొత్తగా వాటా వేసుకుని సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. అక్క ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచింది. ఉత్త చేతులతో ఏం పోతాం అని, పొద్దున్నే లేచి అంజీర పూర్ణంతో బచ్చాలు చేశాను. మా అమ్మకు చూపు సరిగ్గా ఆనకపోయినా పక్కన కూర్చుని పిండి ముద్దలు చేసి ఇచ్చింది. ఒక్కటి కూడా పగలకుండా, నెయ్యి మెరుస్తూ, పెద్ద స్టీలు డబ్బా నిండా వచ్చాయి. మా ఇద్దరికీ గర్వంగానే అనిపించింది.

అక్క డబ్బా అందుకుని, "అయ్యో, ఎందుకింత కష్టపడ్డవ్," అని వంటింటి వైపు కాకుండా పెరటి వైపు తీసుకెళ్లింది. వంటింట్లో జాగా లేదేమో అనుకున్నాను. భోజనాల్లో కోదాడ స్వీటు షాపు నుంచి తెచ్చిన లడ్డూలు వడ్డించారు. నా బచ్చాలు పంక్తిలోకి రాలేదు.

సాయంత్రం మిద్దె మీద బట్టలు తీస్తుంటే పక్కింటి పెరడు కనిపించింది. పాలాయన బర్రెల కోసం వాళ్లు వెనక తలుపు దగ్గర కుడితి బకెట్ పెడతారు. బియ్యం కడిగిన నీళ్ల మీద నా బచ్చాలు తేలుతున్నాయి. ఎవరూ కొరికినవి కాదు. మడత కూడా విప్పలేదు. పైన పూజలో వాడిన పూలు పడేసి ఉన్నాయి.

బట్టలు అక్కడే వదిలేసి కిందికి వచ్చాను. మా అమ్మకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తుండగానే, "అందరూ తిన్నరా?" అని మా భాషలో అడిగింది. చెప్పేశాను. మా అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "నేను చిన్నప్పుడు కూలికి పోతే నీళ్లు ఎత్తు నుంచి దోసిట్లో పోసేవాళ్లు, నువ్వు ఉద్యోగం చేస్తున్నావు కదా నీకైనా గిన్నెలో పోస్తారనుకున్నాను," అంది. అంతే. పోయి పడుకుంది. మర్నాడు కంటి ఆపరేషన్ తేదీ కూడా చూసుకోకుండా తండాకు వెళ్లిపోతానని పట్టుబట్టింది. బతిమాలి ఆపాను.

నేను పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లాను. అక్క పళ్లెం పట్టుకుని వస్తోంది.

"నిన్న నేను తెచ్చిన బచ్చాలు కుడితిల ఏసిండ్రు అక్కా. నేను సూసిన."

ఆమె ముఖం ఎర్రబడింది. పళ్లెం వెనక్కి దాచుకుంది.

"నాకేం పట్టింపు లేదు చెల్లె, నీ మీద ఒట్టు. మా అత్తమ్మకు. పాతకాలం మనిషి గద. తెలిస్తే వ్రతం కాడ రభస చేస్తదని భయపడ్డ. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే అర్థం చేస్కోవాలె."

చదువుకున్నదాన్ని కాబట్టి అర్థం చేసుకోవాలట. పండు పాడు కాదు, వండితే పాడవుతుంది, అంతేనా అక్కా అని అడిగాను. ఆమె పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లింది. ఆ రోజు నుంచి గోడ మీద పళ్లెం పెట్టడం ఆగింది. నేను కూడా వరండా వైపు పోవడం మానుకున్నాను. పెద్దమ్మ మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది. నా మణికట్టు పట్టుకుని తాగిన మనిషి కదా అని మనసు మండింది.

కొన్నాళ్లకు ఆమే నన్ను పిలిచింది. ఇంట్లో అందరూ దుకాణంలో ఉన్న పూట, నేను గేటు వేస్తుంటే మంచం మీద నుంచి చెయ్యి ఊపింది. వెళ్లాలనిపించలేదు. అయినా వెళ్లాను.

"పాలు తెస్తలేవేందే?"

"మీకు పట్టింపంట గద పెద్దమ్మా. మేం తండా వాళ్లమని."

"ఎవరన్నరు?" అంది. నేను చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"నువ్వు మొదటిసారి వచ్చిననాడే నాకెరుకే. నీ మొగడితోటి ఫోన్ల మీ బాసల మాట్లాడినవ్. మా పొలంకాడ నాట్లకు మీ తండా ఆడోళ్లే వస్తుండిరి. ఆ మాట నాకు తెల్వదా."

"మరి తిన్నరు గద."

"తిన్న. నాట్లకాడ గూడ తిన్న. ఆళ్ల రొట్టె, కారం. మంచిగుంటుండె." ఆగి, మాట కూడదీసుకుంది. "ఇంటికొచ్చి తానం చేసేదాన్ని. మా అత్త సూత్తదని."

ఆ చివరి మాట చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియాలి. నాకు ఆమె మీద ప్రేమా కలిగింది, కోపమూ వచ్చింది. ఇన్నేళ్లూ ఈ ఇళ్లలో ప్రతి కోడలూ తన అత్తను సాకుగా చూపిస్తూనే వచ్చిందన్నమాట. ఆ అత్తకు ఇంకో అత్త ఉండే ఉంటుంది.

ఆ తర్వాత పెద్దమ్మ అన్నం తినడం తగ్గించింది. అంజీర పాలు కావాలని మొండికేసిందట. అక్క బజారులో పండ్లు కొని తనే చేసింది. పాలు విరిగాయి. మళ్లీ చేస్తే మళ్లీ విరిగాయి. చివరికి గోడ దగ్గరికి వచ్చింది. కళ్లు నా ముఖం మీద కాకుండా చెట్టు మీద పెట్టి మాట్లాడింది.

"ఎట్ల చేస్తవో జర చెప్పు చెల్లె. మేమే చేస్కుంటం."

నాకు నవ్వొచ్చింది. పండు తీసుకున్నారు, ఇప్పుడు చేసే పద్ధతి కూడా తీసుకుంటారు, చెయ్యి మాత్రం వద్దు.

"చెప్పుడెందుకు అక్కా. మీ వంటింట్ల, మీ గిన్నెల, మీ పాలతోటి నేనే చేస్త. మీ ఆయన ఇంట్ల ఉన్నప్పుడే వస్త. పెద్దమ్మకు నేనే తాగిస్త."

"మా ఆయన్ను అడిగి చెప్త," అంది. ఆ జవాబు ఈ రోజు వరకూ రాలేదు. కొద్దిరోజులకు ఇంటి ముందు కారు ఆగింది. పెద్దమ్మను మిర్యాలగూడలో ఉన్న ఆమె కూతురి ఇంటికి తీసుకెళ్లారు. అక్కడ దవాఖాన దగ్గర అని చెప్పారు.

నాకు ఉండబట్టలేదు. ఒక ఆదివారం చెట్టున మిగిలిన పండ్లు కోసి, పాలు చేసి, థర్మాస్‌లో పోసుకుని మా ఆయన బండి మీద మిర్యాలగూడ వెళ్లాను. మా ఆయనకు ఇష్టం లేదు. "వాళ్లు మనల్ని గడప తొక్కనియ్యరు, నువ్వు థర్మాస్ పట్టుకుని పోతున్నవ్," అని దారంతా గొణిగాడు. ఆ కూతురికి నేను ఎవరో తెలియదు. పక్కింటి టీచరును అని చెబితే సంతోషంగా లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేసింది. పెద్దమ్మ బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టిందో లేదో చెప్పలేను. స్పూను పెదవులకు తగలగానే నోరు తెరిచింది. కొంచెం తాగింది, కొంచెం గడ్డం మీదుగా కారింది. కూతురు తువ్వాలతో తుడుస్తూ, "ఎంత మంచిగ చేసిండ్రు మేడం," అంది. నేను ఎవరో తెలిసుంటే ఆ మాట అనేదా అని నాకు తోచింది. అలా తోచడమే నాకు నచ్చలేదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. అయినా ఎవరు ఎంత ప్రేమగా మాట్లాడినా, వీళ్లకు ఇంకా తెలియదేమో అనే అనుమానం ఆ ఎండాకాలం నుంచి నన్ను వదల్లేదు.

వానలు మొదలయ్యాక పెద్దమ్మ పోయింది. కోదాడకే తెచ్చారు. చూడటానికి వెళ్లి ఆడవాళ్ల మధ్య ఒక పక్కన నిలబడ్డాను. అక్క ఏడుస్తూ చుట్టాలకు చెబుతోంది.

"ఆఖరికి ఏం తినకపాయె. గీ టీచరమ్మ చెట్టు అంజీర పండ్లంటే మస్తు పానం. పండ్లు తినే గిన్ని దినాలు బతికింది."

అందరూ నా వైపు తిరిగి తలలూపారు. ఒకామె నా భుజం మీద చెయ్యి వేసింది. నోట్లో ఒక్క పన్ను లేని మనిషి పండ్లు తిన్నదట. నేను పొయ్యి దగ్గర నిలబడి చేసిన పాలు, తాగించిన పూటలు అన్నీ ఆ ఒక్క మాటతో లేకుండా పోయాయి. శవం పక్కన తగవు పెట్టుకోలేక ఇంటికి వచ్చాను. వచ్చి తలమీద నీళ్లు పోసుకున్నాను. చావింటికి పోయొస్తే అందరూ చేసేదే.

మా అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. ఇప్పుడు తండాలోనే ఉంటోంది. ఎంత పిలిచినా కోదాడ రానంటుంది. అంజీర పండ్లు కాపుకొచ్చాక నేనే హల్వా చేసి తీసుకెళ్తున్నాను. తింటుంది కానీ అంత తీపి తనకు పడదంటుంది.

ఈ ఎండాకాలం చెట్టు విరగకాసింది. అక్క కూతురికి పెళ్లయి, కడుపుతో పుట్టింటికి వచ్చింది. రక్తం తక్కువగా ఉంది, అంజీర తినమని డాక్టరు చెప్పిందట. అంత కాలం మాటలు లేకుండా ఉండి, ఒక పొద్దున అక్క గోడ దగ్గరికి వచ్చి ఏమీ జరగనట్టే పళ్లెం పెట్టింది.

"బిడ్డకు నాలుగు పండ్లు కావాలె చెల్లె."

అంతకు ముందే చెట్టంతా దులిపి కోసి హల్వాకు పొయ్యి మీద పెట్టాను. బెల్లం వాసన ఇల్లంతా నిండి ఉంది. ఆమెకూ తగులుతూనే ఉండాలి.

"పండ్లు అయిపోయినయక్కా. వండినవి ఉన్నయి. తీస్కపోతనంటే గిన్నెల పెట్టిస్త."

ఆమె పళ్లెం అంచు మీద వేలు రాస్తూ నిలబడింది. వెనక వరండాలో ఆ అమ్మాయి కుర్చీలో కూర్చుని మా ఇద్దరినీ చూస్తోంది. తీసుకుంటుందని నేను నిజంగానే అనుకున్నాను. తీసుకుంటే అంతా మర్చిపోవడానికి కూడా సిద్ధపడ్డాను.

"వద్దులే చెల్లె. బజార్ల దొరుకుతయి," అని పళ్లెం తీసుకుని వెళ్లిపోయింది.

నేను లోపలికి వచ్చేసరికి హల్వా అడుగంటింది.